మా చావడిలో అబిసీనియా

మా ఆయన అబిసీనియాను ఎన్నడూ చూడలేదు. మదురై దాటి రైలెక్కిన మనిషి కాదు. అయినా 1935 పురటాసి నెలలో, ఇటలీ సైన్యం ఆఫ్రికాలోని ఆ దేశంలో దిగిందని కోవిల్‌పట్టి కాపీ క్లబ్బులో ఎవరో తమిళ పేపరు చదివి వినిపించిన నాటి నుంచీ ఆ దేశం ఆయన సొంత ఆస్తి అయిపోయింది. పళ్ళు తోముకుంటూ అబిసీనియా, తలకు నూనె రాసుకుంటూ అబిసీనియా. ఎడ్లకు కుడితి పెడుతూ వాటికీ ఉపన్యాసమే. ఎడ్లు నయం, తాగడం అయిపోగానే తల తిప్పుకునేవి. నేను అన్నం వార్చేదాకా వినాల్సిందే.

ఆయన పేరు పెరియసామి. నా పేరు రాజమ్మాళ్. మా ఊరు కోవిల్‌పట్టి నుంచి కయత్తారు పోయే దారిలో, రోడ్డు దిగి రెండు మైళ్ళు నల్లరేగడిలో నడిస్తే వస్తుంది. వాన పడితే ఆ రెండు మైళ్ళూ చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. ఎన్నో తరాల కింద తెలుగుదేశం నుంచి వచ్చి ఇక్కడ పత్తి వేసుకుని బతుకుతున్న కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, వీధి దాటితే తమిళం. ఆయన మాత్రం ఎవరూ తప్పించుకోకుండా రెండింటిలోనూ మాట్లాడేవాడు.

శివకాశి నుంచి ఒక రంగుల పటం కూడా కొనుక్కొచ్చాడు. అగ్గిపెట్టెల మీది బొమ్మలు అచ్చేసేవాళ్ళు సరదా పుట్టి ప్రపంచాన్ని కూడా అచ్చేశారట. రంగు కారి అబిసీనియా పచ్చదనం సగం సముద్రంలో కలిసింది. ఇటలీ కాలు ఆకారంలో ఉంది. ఎట్లా తన్నడానికి లేచిందో చూడమని ఆయన నాకు వేలు పెట్టి చూపించాడు. చూశాను. అది తన్నుతున్నది పక్కనున్న చిన్న దీవిని. ఆ దీవి కూడా ఇటలీదే అని ఆయనే చెప్పాడు. ఇంట్లోవాళ్ళను తన్నడంతోనే అందరూ మొదలుపెడతారు కాబోలు అనుకున్నాను గాని, పైకి అనలేదు.

అనలేకపోవడానికి కారణం ఉంది. అదే పాపమ్మాళ్ సంగతి. చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

పాపమ్మాళ్ మా ఆయన తమ్ముడి భార్య, నా తోడికోడలు. మా మామ బతికుండగానే అన్నదమ్ములు పంచుకున్నారు. ఊరి ఉత్తరాన మూడెకరాలు తమ్ముడు పాలసామికి వచ్చాయి. నలుగురి ఎదుట హద్దురాళ్ళు పాతారు. 1933 ఎండల్లో పాలసామిని పాము కరిచింది. పదహారో రోజు కార్యం ముగిసిందో లేదో, ఆడమనిషి ఒంటరిగా ఏం సేద్యం చేస్తుంది, చేను బీడు పడుతుంది అని మా ఆయన నాగలి అందులో దింపాడు. ఆ ఏడు ఎవరూ ఏమీ అనలేదు. సాయమే అనుకున్నారు. రెండో ఏడు మళ్ళీ దింపాడు. అప్పుడు హద్దురాళ్ళు దుక్కిలో అడ్డొస్తున్నాయని పెకలించి గట్టు మీద పడేశాడు. పాపమ్మాళ్‌కు ఏడాదికి ఇన్ని సజ్జలు కొలిచి ఇచ్చేవాడు. ఆ చేలో పత్తి నేనే ఏరాను. ఒడి నిండినప్పుడల్లా, ఎవరో ఒకరు చూసుకోకపోతే పాడైపోయేది గదా అని నాకు నేను చెప్పుకున్నాను. అట్లా చెప్పుకుంటే పని సులువుగా సాగుతుంది.

మా ఊళ్ళో ఒక లెక్క ఉంది. ఒక నేలలో ఒకడు వరసగా మూడేళ్ళు ఐప్పసిలో, అంటే పురటాసి తర్వాతి వానల నెలలో, విత్తితే ఆ నేల వాడిదే. కాగితాలు, కోర్టులు తర్వాతి మాట. రెండు విత్తులు అయిపోయాయి. ఈ ఐప్పసి వానకు మూడోది పడితే పాపమ్మాళ్‌కు ఈ ఊళ్ళో కాలు పెట్టుకునేంత నేల ఉండదు. అరుప్పుకోట్టైలో అన్న ఇంటికి పోయి, వదిన పొయ్యి పక్కన ఒక మూల వెతుక్కోవాలి.

మరి ఆమె అడగలేదా అంటే, అడిగింది. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావ ఎదుట నిలబడి మాట్లాడదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే రోలుకో, స్తంభానికో, కట్టేసిన దూడకో చెబుతుంది. బావ విని, జవాబు మళ్ళీ దానికే చెబుతాడు. మా పెరట్లో రోలుకు తెలిసినన్ని ఊరి సంగతులు మునసబుకు కూడా తెలియవు. పురటాసి మొదట్లో ఒక పొద్దున పాపమ్మాళ్ కొంగు నిండా కప్పుకుని వచ్చి రోలు ముందు నిలబడింది.

"రోలా, మా సేను మాకు విడవమని బావకు సెప్పు. ఈ తూరి నేనే విత్తుకొంటాను."

మా ఆయన పంచ బిగించుకుంటూ రోలు వైపు తిరిగాడు. "రోలా, దానికి సేద్యం తెల్దని సెప్పు. మేము సూసుకొంటాండేది దాని మేలుకే."

అంతే, అయిపోయింది. పాపమ్మాళ్ నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఆ చూపుకు నాకు ఒళ్ళు మండింది. మొగుడి మీద మండాల్సింది ఆమె మీద మండింది. మనిషి బుద్ధి అంత గలీజుగా పని చేస్తుంది.

ఇది జరిగిన పక్షం రోజులకు ఇటలీ అబిసీనియాలో దిగింది. మా ఆయన ధర్మాగ్రహంతో ఊగిపోయాడు. అక్కడివాళ్ళకు నాగరికత నేర్పుతాం, రోడ్లు వేస్తాం, వాళ్ళ మేలుకే వచ్చాం అని ఇటలీవాడు అంటున్నాడట. వినడానికే అసహ్యంగా లేదా అని నన్ను అడిగాడు. నిజంగా అడిగాడు, కన్నార్పకుండా. నేను చారులో ఉప్పు వేయడం మరిచిపోయాను.

ఇక రామకృష్ణన్ సంగతి. ఆయన విరుదునగర్ పత్తి దళారి. మా చుట్టుపక్కల పది ఊళ్ళ పత్తి ఆయన చేతి మీదుగానే పోతుంది. మనిషి నవ్వుతూనే ధర తగ్గిస్తాడు. ఏమయ్యా ఇంత తక్కువా అంటే లివర్‌పూల్‌లో పడిపోయింది అంటాడు. లివర్‌పూల్ ఎవరో మాకు తెలియదు గాని, పడిపోయినప్పుడల్లా మా మీదే పడేవాడు. కాపీ క్లబ్బులో మా ఆయన అబిసీనియా తరఫున గొంతు చించుకుంటుంటే, ఈ రామకృష్ణన్ ఇటలీ తరఫు తీసుకున్నాడు. ప్రేమ ఉండి కాదు, ఇంకొక పక్షం ఖాళీగా ఉంది గనక. మా సీమలో ఇది మామూలే. మాసి నెలలో మన్మథుడు కాలిపోయాడని ఒక కచ్చి, కాలలేదని ఒక కచ్చి, డప్పు పెట్టుకుని పాటలతో పోట్లాడుకుంటాయి. కచ్చి అంటే పక్షం. మన్మథుడి బంధువులు ఎవరూ అందులో ఉండరు, అయినా తలలు పగలడం ఒక్కటే తక్కువ. అందుకని ఇద్దరూ పంతం పట్టి, మా ఊరి చావడిలోనే కూట్టం, అంటే సభ, పెట్టి ఊరి ముందర తేల్చుకుందామన్నారు.

ఇక్కడే మా ఆయన ఒక పొరపాటు చేశాడు. జనం రారేమోనని భయపడి, సంగిలిని పిలిచి తప్పెట కొట్టి చాటింపు వేయించాడు. మా ఊరి కట్టు ఏమిటంటే, తప్పెట మోగించి పిలిచిన కూట్టంలో, చావడి ముందు చేతులెత్తి చెప్పిన మాట ఊరి మాట. మాట తప్పిన ఇంటికి క్షవరం ఉండదు, చాకలి రాడు, నిప్పు ఇవ్వరు. పశువుల దొంగల కోసం, నీళ్ళ తగవుల కోసం పెద్దలు పెట్టుకున్న కట్టు అది. దాన్ని ఇటలీ మీదికి తోలినవాడు మా ఆయన ఒక్కడే.

సంగిలి, వాడి భార్య వేలమ్మాళ్ ఊరికి తూర్పున వేరుగా ఉండే వీధిలోవాళ్ళు. వాళ్ళ ఇంట్లోనూ తెలుగే, మాకంటే పాత తెలుగు. వేలమ్మాళ్ మా చేలల్లో విత్తే, కలుపు తీసే, పత్తి ఏరే ఆడకూలీలకు పెద్ద. ఆమె ఊ అంటే ఇరవై మంది దిగుతారు, ఊహూ అంటే చేను ఎండుతుంది. అయినా ఆ వీధివాళ్ళు చావడి గట్టు ఎక్కరు. దూరంగా కానుగచెట్టు నీడలో నిలబడి వింటారు. చేతులెత్తేటప్పుడు వాళ్ళను ఎవరూ అడగరు.

కూట్టం రోజు మధ్యాహ్నం తిరిగేసరికి చావడి నిండింది. మునసబు శంకరలింగం మధ్యవర్తి. ఆయన కూర్చున్న చోటే కునుకు తీయగలడు, లేచి తీర్పు కూడా చెప్పగలడు. ఆడవాళ్ళం పక్కగోడ వెంట కూర్చున్నాం. పాపమ్మాళ్ నా వెనక, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. రామకృష్ణన్ రెండు బండ్ల నిండా విరుదునగర్ నుంచి మనుషులను తెచ్చాడు, పత్తి మూటలు కట్టే మిల్లు కూలీలను. వాళ్ళకు దారిలోనే కాపీ పోయించాడట. బండ్లు చూడగానే మా ఆయన ముఖం మాడిపోయింది.

ముందు రామకృష్ణన్ లేచాడు. ఆయన వాదం నాకు నచ్చలేదు గాని, చెప్పిన తీరు బాగుంది. లోకమంతా ఒక పెళ్ళి పంక్తి అన్నాడు. ఇంగ్లీషువాడు ముందే వచ్చి కూర్చుని, మన దేశం ఆకూ, బర్మా ఆకూ, ఆఫ్రికాలో సగం ఆకులూ తన ముందుకు లాక్కుని తిని మూతి తుడుచుకున్నాడు. ఫ్రెంచివాడు మిగిలింది లాక్కున్నాడు. ఇటలీవాడు ఆలస్యంగా వచ్చాడు, ఒక్క ఆకే మిగిలింది. దాని మీద చెయ్యి వేస్తే దొంగ దొంగ అని అరుస్తున్నది ఎవరయ్యా అంటే, త్రేన్పులు వస్తున్న ఇంగ్లీషువాడు. తిండికి లేనివాడు తింటే తప్పేమిటి? విరుదునగర్‌వాళ్ళు ఈలలు వేశారు.

మా ఆయన లేచాడు. మొదట తిన్నవాడూ దొంగే, చివర తిన్నవాడూ దొంగే అన్నాడు. మన పత్తి ఓడెక్కిపోయి చొక్కా అయి తిరిగొస్తే, పండించినవాడి ఒంటి మీద చొక్కా ఎందుకు లేదని అడిగాడు. మా మనుషులు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, నిజం చెప్పాలి. మనిషి మాట్లాడితే బాగుంటాడు. పెళ్ళిచూపుల నాడు నేను పడిపోయింది ఆ మాటకే.

అప్పుడు కానుగచెట్టు కింద నుంచి వేలమ్మాళ్ గొంతు వచ్చింది.

"సామీ, అందరూ తినిపోతే ఆ ఆకులు ఎత్తేది ఎవురు?"

జనం నవ్వారు. మధ్యలో ఎక్కడో ఆ నవ్వు ఆగిపోయింది. ఎంగిలాకులు ఎత్తేది ఎవరో అందరికీ తెలుసు గనక. మునసబు కళ్ళు తెరిచి, కూట్టం సాగనివ్వండి అన్నాడు.

అది సాగేలోపల నా వెనక కొంగు సర్దుకున్న చప్పుడైంది. పాపమ్మాళ్ లేచి నిలబడింది. ఊరిముందర ఆడది మాట్లాడటమే అరుదు, అందులోనూ మొగుడు పోయినది. ఆమె మా ఆయన వైపు చూడలేదు. తనకు ఆసరాగా ఉన్న స్తంభం వైపు తిరిగింది. తన చేను సంగతి అడిగితే ఇంటి గుట్టు వీధిలో వేసిందని నోళ్ళు లేస్తాయి. అబిసీనియా సంగతి అడగడానికి ఎవరికీ అడ్డు లేదు, అది ఎవరి ఇల్లూ కాదు గనక. ఆ ఉపాయం ఆమెకు ఎప్పుడు తట్టిందో నాకు తెలియదు.

"స్తంభమా, ఆ అబిసీనియావాండ్ల కోసరం ఒక మాట అడుగు. ఒకడు వచ్చి, మీకు సేద్యం తెల్దు, మీ మేలుకే నేను దున్నుకొంటాను అని సెప్పి వాండ్ల బూమిలో దిగినాడు. వాండ్లకు బలం ల్యా. అప్పుడు సుట్టూ ఉండేవాండ్లు యేమి సేయాల?"

అక్కడున్న వాళ్ళలో పిల్లాజెల్లాకు కూడా అర్థమైంది. మునసబుకు నిద్ర పూర్తిగా వదిలింది. రామకృష్ణన్ మూడేళ్ళుగా మా చేలు చూస్తున్నవాడు, ఆ హద్దురాళ్ళు గట్టు మీద పడి ఉండటం చూసినవాడు. ఆయన మీసం కింద నవ్వు మొదలైంది. అర్థం కానిది ఒక్క మా ఆయనకే. ఆయన కంటికి ఊరు లేదు, మరదలు లేదు. ఎక్కడో కొండల్లో కాలినడకన పోతున్న లక్షల మంది కనిపిస్తున్నారు. ఇంతటి ప్రశ్న తనకు కానుకగా దొరికిందని ఛాతీ పొంగింది.

"స్తంభమా," అన్నాడు, ఆచారం మరవకుండా, "సెప్పు. అట్లాంటివానికి ఈ లోకంలో ఎవురూ సాయం పోకూడదు. వాడు దున్నితే ఎద్దు ఇయ్యకూడదు. వాడు విత్తితే సెయ్యి ఇయ్యకూడదు. ఊరు నిలబడి సూస్తే, ఊరూ దొంగే."

అని, అంతటితో ఊరుకున్నాడా? దాన్ని తీర్మానం చేయాలన్నాడు. పరాయి నేల ఆక్రమించినవాడికి ఈ ఊరి ఎద్దు గాని, నాగలి గాని, మనిషి చెయ్యి గాని సాయం పోరాదు. ఇటలీ అనే మాట అందులో పెట్టమని ఎవరో అంటే, వద్దు, ఇది లోకానికంతా వర్తించే ధర్మం అన్నాడు. చెబుదామా అనుకున్నాను. ఎంత దూరం పోతాడో చూద్దామనీ అనిపించింది.

చేతులు ఎత్తించారు. మా ఊరివి ముప్ఫై చిల్లర. ఇటలీ కచ్చిలో, రెండు బండ్ల విరుదునగర్ చేతులతో కలిపి, నలభై దాటాయి. మా ఆయనకు చెమటలు పట్టాయి. అటూ ఇటూ చూసి, కానుగచెట్టు వైపు చెయ్యి చాపి, మీరు కూడా ఎత్తండి అన్నాడు. వాళ్ళను ఎన్నడూ లెక్కపెట్టలేదే అన్నాడు మునసబు. అబిసీనియావాడు మనిషైతే వీళ్ళూ మనుషులే అని అరిచాడు మా ఆయన. ఓడిపోతానన్న భయంలో ఆ మాట నోటినుంచి జారింది గాని, పెళ్ళైన ఇరవై ఏళ్ళలో ఆయన నోట అంత మంచి మాట నేను వినలేదు. వేలమ్మాళ్ ముందు ఎత్తింది. తర్వాత చెట్టు కింద అన్నీ చేతులే.

గోడ వెంట నేనూ ఎత్తాను. మొగుడు దళారి చేతిలో ఓడిపోకూడదని ఎత్తాను. ఇంకేమైనా కారణం ఉందో లేదో అప్పుడు చూసుకోలేదు. చివరికి రామకృష్ణన్ కూడా లేచి నవ్వుతూ రెండు చేతులూ ఎత్తాడు. ఇంత గొప్ప తీర్మానానికి నేను అడ్డు కాను అన్నాడు. తీర్మానం గెలిచిందని మునసబు చెప్పాడు. సంగిలి తప్పెట మూడు దెబ్బలు వేశాడు. మా ఆయన ఆ రాత్రి పటం ముందు నిలబడి భోజనం చేశాడు.

రెండో రోజు మధ్యాహ్నం వాన పడింది. మంచి వాన, రేగడి పగుళ్ళన్నీ మూసుకునేంత వాన. పదును మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. ఆ లోపల గింజ పడాలి. నేను పత్తి గింజలను పేడనీళ్ళలో రుద్ది బూడిదలో దొర్లించి ఆరబెట్టాను. అట్లా చేయకపోతే నూగు అంటుకుని ఉండలు కడతాయి. అదే రోజు పెరటి అవతల పాపమ్మాళ్ కూడా తన వాకిట్లో గింజలు ఆరబెట్టడం చూశాను. దున్నడానికి ఎడ్లు లేవు, దిగడానికి చేను లేదు, గింజలు మాత్రం సిద్ధం.

మర్నాడు తెల్లవారగానే ఎడ్లు, నాగలి, నేను, నా తాటాకు పెట్టె నిండా గింజలు, అందరం ఉత్తరపు చేనికి పోయాం. మా ఆయన ముందు ఆ చేనునే విత్తాలన్నాడు, మూడో విత్తు గదా. నాగలి వెంట చాల్లో గింజ వేయడానికి వేలమ్మాళ్, ఇరవై మంది ఆడవాళ్ళు వచ్చారు. వచ్చి, గట్టు మీద వరసగా కూర్చున్నారు. పాపమ్మాళ్ అవతలి గట్టున నిలబడి ఉంది. మా ఆయన ఒక చాలు పోయి వెనక్కి చూస్తే, వెనక ఎవరూ లేరు.

దిగమన్నాడు. కూలి ఎక్కువ కావాలా అన్నాడు. వేలమ్మాళ్ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా మాట్లాడింది.

"సామీ, పరాయి బూమిలో విత్తేవానికి సెయ్యి ఇయ్యకూడదని మీరే సెప్పినారు. మేము సెయ్యెత్తినాము."

"అది ఇటలీవానికి!"

"ఇటలీ మాకు తెల్దు సామీ. ఈ సేను తెలుసు. మా సేతులు ఊరు లెక్కపెట్టింది ఆ ఒక్క తూరే. దాన్ని ఎట్లా తప్పేది?"

అప్పుడు అర్థమైంది మా ఆయనకు, స్తంభం అడిగిన ప్రశ్న ఏమిటో. ముఖంలో రంగులు మారడం నేను చూశాను. పైపంచె భుజాన వేసుకుని మునసబు దగ్గరికి పరుగెత్తాడు.

అక్కడ జరిగింది తర్వాత మునసబు భార్య నాకు చెప్పింది. మా ఆయన తీర్మానం రద్దు చేయమన్నాడట. దానికేం, చేద్దాం, మళ్ళీ తప్పెట కొట్టించు, ఊరిని పిలువు, పరాయి నేల ఆక్రమించడం తప్పు కాదని నీవే లేచి చెప్పు, చేతులెత్తిద్దాం అన్నాడట మునసబు. రామకృష్ణన్‌ను కూడా పిలిపిద్దాం, సంతోషిస్తాడు అని కూడా అన్నాడట. మా ఆయన నీళ్ళు తాగి వచ్చేశాడు.

తిరిగొచ్చేసరికి ఎండ ఎక్కుతోంది, పదును ఆరుతోంది. గట్టు మీద ఆడవాళ్ళు అట్లాగే కూర్చున్నారు. మా ఆయన ఎవరి వైపూ చూడకుండా నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, నువ్వు దిగు అన్నాడు. ఇంటి ఆడది సొంత చేతితో తొలి పిడికిలి వేస్తే విత్తు పడినట్టే, ఊరు ఏం చేస్తుంది అన్నాడు. మాట నిజమే. మా వైపు చేలో తొలి పిడికిలి ముత్తైదువ వేయాలి, ఎవరి పెట్టెలో గింజతో వేస్తే పంట ఆ ఇంటిది. నేను అక్కడ ఒక పిడికిలి చల్లితే, పాపమ్మాళ్ అరుప్పుకోట్టై బండి ఎక్కాలి. అంత సులువు.

పెట్టె నా నడుము మీద ఉంది. గింజ చేతికి తగులుతూనే ఉంది. అవతలి గట్టు మీద పాపమ్మాళ్ నన్నే చూస్తోంది. ఈసారి ఆమె మీద కోపం రాలేదు. నా మీద నాకు వచ్చింది. రెండేళ్ళు దాచుకున్న కోపం ఒక్కసారిగా వచ్చింది.

"మామా," అన్నాను, "ఆ పొద్దు నేనూ సెయ్యెత్తినాను గదా."

పెట్టె గట్టు మీద పెట్టేశాను. ఆయన ఏదో అన్నాడు, వినలేదు. రేగడి పాదాలకు అంటుకుని ఒక్కొక్క కాలూ ఒక్కో రోకలంత బరువైంది. అయినా నేరుగా పాపమ్మాళ్ ఇంటికి పోయి, వాకిట్లో ఆరిన ఆమె గింజలు ఆమె పెట్టెలోకే ఎత్తుకుని, మళ్ళీ చేనికి వచ్చాను. ఊరు చూస్తోంది. అప్పటికి సగం ఊరు గట్టు మీదే ఉంది, పదును పోయినా ఫరవాలేదు ఇది చూడాలని. పెట్టె పాపమ్మాళ్ చేతికి ఇచ్చాను. ఆమె వెనక్కి జరిగింది. మొగుడు పోయినదాన్ని, తొలి పిడికిలి నా చేత్తో పడకూడదని మెల్లగా అంది.

"గింజ నీది," అన్నాను. "సెయ్యి నాది."

ఆమె పెట్టె పట్టుకుని నా పక్కన నడిచింది. నేను పిడికిలి తీసి చాల్లో వేశాను. రెండో పిడికిలి వేశాను. సంగిలి వచ్చి, మా ఆయన మళ్ళీ పట్టుకున్న మేడిని ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. ఎడ్లు అనుమానించకుండా కదిలాయి. గట్టు మీద నుంచి వేలమ్మాళ్ లేచింది, వెనక ఇరవై మందీ దిగారు. పదును ఆరకముందే మూడెకరాలూ విత్తేశాం.

మా ఆయన పోయి ఎండలో నిలబడ్డాడు. కొట్టడానికి వస్తాడేమో అనుకున్నాను. రాలేదు. కాసేపటికి గట్టు మీది జనం వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. ఇదిగో, లోకానికి చెప్పిన ధర్మాన్ని ముందు నా ఇంట్లోనే నడిపించాను, నా తమ్ముడి చేను నా తమ్ముడి ఇంటికే విడిచాను, ఇటలీవాడు వచ్చి నేర్చుకోవాలి అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అంత గొప్ప అబద్ధం ఎదుట నవ్వడానికి కూడా ధైర్యం కావాలి. సాయంత్రానికి ఆ కథ కోవిల్‌పట్టి కాపీ క్లబ్బుకు, వారానికి విరుదునగర్ మార్కెట్టుకు చేరింది. ఆయనకు పెద్ద పేరొచ్చింది. నేను అడ్డు చెప్పలేదు. చేను ఆమెది అయింది, పేరు ఎవరిదైతే ఏమి?

నా మీద కసి మాత్రం పోలేదు. సంక్రాంతి వచ్చే తై నెల దాకా ఆయన నాతో మాట్లాడలేదు, రోలుతో మాట్లాడాడు. నేను జవాబు ఆయనకే చెప్పేదాన్ని.

మాసిలో కాయ పగిలింది. ఆ ఏడు ఆ మూడెకరాల్లో పత్తి నేను ఏరాను, ఈసారి కూలికి. పాపమ్మాళ్ వద్దంటున్నా వినలేదు, అందరితో సమానంగా నా వంతు కొలిపించుకున్నాను. ఎండాకాలం, చిత్తిరై నెల చివర్లో ఆఖరి ఏరుడు జరుగుతుంటే మా ఆయన పేపరు పట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. అబిసీనియా పడిపోయిందట. వాళ్ళ రాజధానిలో ఇటలీ సైన్యం దిగిందట. రాజు రైలెక్కి సముద్రం దారి పట్టాడట. మా ఆయన కళ్ళల్లో నీళ్ళు, నిజమైన నీళ్ళు. పొరుగు చేను తినేసినవాడికి ఆ దేశం కోసం ఏడుపు ఎట్లా వస్తుందో నాకు ఈనాటికీ తెలియదు గాని, వస్తుంది, నేను చూశాను. కాసేపు అక్కడే నిలబడి, ముక్కు చీదుకుని వెళ్ళిపోయాడు.

పాపమ్మాళ్ మళ్ళీ పత్తి మీదికి వంగింది. ఒక చెట్టు దులిపి ఇంకో చెట్టుకు పోయింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"అక్కా, ఆ ఇటలీవాని ఇంట్లో ఆడవాండ్లు ఎవురూ ల్యారా?"

"ఉంటారు పాపమ్మా, యాల ఉండరు," అన్నాను. "రెండేండ్లు నేను ఉంటిని గదా."